మాధవి లేని ఇల్లు

కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఒక మాట చెప్పుకుంటారు. అక్కడి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి పెద్దల దగ్గర మాట తీసుకున్నాడట. వేషమంటే చీర చుట్టుకుని నాలుగు అడుగులు వెయ్యడం కాదు. తెర మీదుగా బారెడు జడ విసిరి, నా అంతటిది లేదని మిడిసిపడిన మనిషే కాసేపటికి మొగుడు దూరమయ్యాడని ఊరందరి ముందూ కుమిలిపోవాలి. వెన్నెల కాలుస్తోందనాలి. గాలి వేధిస్తోందనాలి. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఊళ్ళో మగవాళ్ళంతా ఒక్క రాత్రయినా ఎదురుచూసే ఆడదాని గుండెతో నిలబడాలని ఆ యోగి ఎందుకనుకున్నాడో గానీ, తన బెంగ పదిమందిలో చెప్పుకోవాలంటే మగవాడికి జడ వేసుకోవడం తప్ప వేరే దారి దొరకలేదు కాబోలు.

ఆ యోగి రాసిన భామాకలాపంలో కథ వేలెడంత. అందంలో నువ్వెక్కువా నేనెక్కువా అన్న ముచ్చట ముదిరి మాటపట్టింపయింది. కృష్ణుడు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన కావాలి. కావాలని ఎలా చెప్పడం? మాధవి అనే చెలికత్తె వచ్చి, ఏమీ ఎరగనట్టు, మీ ఆయన పేరేమిటమ్మా అంటుంది. సత్యభామ సిగ్గుపడుతుంది, చుట్టూ తిప్పుతుంది, గుర్తులు చెబుతుంది. ఎప్పటికో గాని పేరు నోటివెంట రాదు. ఆ తర్వాత ఉత్తరం రాస్తుంది. అదీ మాధవే పట్టుకెళ్ళాలి. ఆవిడ ఊరికే పోదు, నగలు అడుగుతుంది. ఈ మాధవి పాత్ర సూత్రధారుడిదే. కృష్ణుడి పక్కకు వెళ్ళేసరికి ఆయనే మాధవుడు. కలాపంలో చాలాభాగం సత్యభామ మాట్లాడేది కృష్ణుడితో కాదు, మాధవితో.

తెలుగు దాంపత్యం చాలాకాలం ఇలాగే నడిచింది. మనసులో మాట ఒకరి నుంచి ఒకరికి నేరుగా వెళ్ళలేదు, మధ్యలో ఎవరో ఒకరు మోశారు. కొత్త జంట గడప దాటబోతుంటే ఆడపడుచులు అడ్డం నిలబడి పేర్లు చెప్పించేది అందుకే. ఆ ఒక్క పూటా చెప్పిన పేరు తర్వాత మళ్ళీ వినపడేది కాదు. ‘ఏవండీ’, ‘ఇదిగో’, ‘ఏమోయ్’ అన్న పిలుపులతోనే నలభై ఏళ్ళు గడిచిపోయేవి. పిల్లలు పుట్టాక ఇంకా సులువు. నాన్న రెండు బారల దూరంలో కూర్చుని వింటూండగానే, ‘ఒరే, మీ నాన్నగారిని భోజనానికి లెమ్మను, చారు చల్లారిపోతోంది’ అనేది అమ్మ. ‘మీ అమ్మతో చెప్పు, నాకు ఆకలిగా లేదని’ అనేవాడు ఆయన. మధ్యలో పిల్లవాడు తపాలా బంట్రోతు. ఆ చారులో రాజీ ఉందనీ, ఆ ఆకలి లేకపోవడంలో ఇంకా తగ్గని కోపం ఉందనీ వాడికి తెలీదు. తెలియాల్సిన ఇద్దరికీ తెలుసు.

ఆధునిక తెలుగు కథకు తొలి మెట్టుగా చాలామంది చెప్పుకునే గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో అచ్చయింది. దాన్ని సంస్కరణ కథగా బళ్ళో చదివేసి ఊరుకుంటాం. మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఎలా ప్రయాణించిందో చూస్తూ మళ్ళీ చదివితే వేరే కథ కనిపిస్తుంది. గోపాల్రావు సాని పాటలు వినడానికి వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని లేదు, బల్ల మీద ఉత్తరం ఉంది. ఆవిడ తన బాధ నోటితో చెప్పలేదు, కాగితం మీద పెట్టింది. ఆయన పశ్చాత్తాపం ఆవిడకు చెప్పలేదు, నౌకరు రాముడికి చెప్పాడు. ఇక రాత్రిళ్ళు ఇల్లు కదలనని, సానుల పాట విననని తన మాటగా చెప్పి అమ్మగారిని ఒప్పించి తీసుకురమ్మని వాడిని చంద్రవరంలోని ఆవిడ పుట్టింటికి పంపబోయాడు. ఎదురుగా భార్య ఉండి ఉంటే ఆ మాటలు ఆయన నోట వచ్చేవా? అనుమానమే. ఆవిడ అక్కడ లేదనుకున్నాడు కాబట్టే మనసు విప్పగలిగాడు. మంచం కింద నుంచి నవ్వు వినపడేదాకా, ఆవిడ అక్కడే దాక్కుని ఉందని ఆయనకు తెలీదు. ఒక ఉత్తరం, ఒక నౌకరు, ఒక మంచం: ఇన్ని అడ్డు పెట్టుకుంటే తప్ప ఆ ఇద్దరి మధ్య ఒక్క నిజం మాట పుట్టలేదు.

ఇలా చెబితే పాతకాలం వాళ్ళకి మాటలే రావన్నట్టు ఉంటుంది. వచ్చు. వాళ్ళకి అలక అనే భాష ఉంది. తెలుగులో ఈ ఒక్క వ్యవహారానికి ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలక, కినుక, బెట్టు, పంతం, ముభావం, మూతిముడుపు, బుంగమూతి, నిష్ఠూరం, దెప్పు. ఒక్కోదానికీ ఒక్కో మోతాదు. నిష్ఠూరమాడితే ఇంకా చనువు ఉన్నట్టు, ముభావంగా ఉంటే వ్యవహారం ముదిరినట్టు. పెళ్ళిలో అలకపాన్పు అని ఏకంగా ఒక తంతే పెట్టుకున్నారు. అల్లుడు అలగాలి, అత్తమామలు బతిమాలి కానుకలిచ్చి లేపాలి. అలిగినవాడిని బతిమాలడం ఎలాగో పెళ్ళిలోనే అందరి ముందూ నేర్పేవారన్నమాట, ఖర్చు మామగారిదే అయినా.

నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ పుట్టుక వెనక ఉన్న కథ కూడా అలక కథే. రాణి తిరుమలదేవి పొరపాటున శ్రీకృష్ణదేవరాయలవారి చిత్రపటం వైపు కాళ్ళు పెట్టి పడుకుందని, దానితో ఆయన ఆవిడ అంతఃపురానికి రావడం మానేశారని, పుట్టింటి నుంచి అరణంగా వెంట వచ్చిన కవి ఆ ఇద్దరినీ కలపడానికే ఆ కావ్యం చెప్పాడని అంటారు. చరిత్ర ఔనంటుందా అన్నది పక్కన పెడదాం. అలా చెప్పుకోవాలని జనానికి అనిపించడమే ముచ్చట. రాజుకీ రాణికీ మధ్య కూడా మాట మోయడానికి ఒకరు కావాలి. కావ్యంలో అగ్గి రాజేసిందీ అలాంటి మనిషే. నారదుడిచ్చిన పారిజాతం కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడన్న కబురు చెలికత్తె మోసుకొచ్చింది. సత్యభామ కోపగృహంలో పడుకుంది. కృష్ణుడు వచ్చి కాళ్ళమీద పడితే ఎడమకాలితో తన్నింది. ఆయన ఏమన్నాడో తెలుగువాళ్ళందరికీ తెలుసు: తన ఒంటి గగుర్పాటు ముళ్ళై ఆవిడ మెత్తని పాదానికి నొప్పి కలిగించిందేమోనని బాధపడ్డాడు. దీన్ని భార్యావిధేయతగా చూసి నవ్వుకునేవాళ్ళు ఉన్నారు. అసలు సంగతి వేరు. ఆ తన్నులోని కోపం కింద ‘నేను నీకు రెండోదాన్నా’ అన్న భయం ఉంది. కృష్ణుడు కోపానికి జవాబివ్వలేదు, భయానికి ఇచ్చాడు. చెట్టే తెచ్చిస్తానన్నాడు.

అలక బాగా పనిచేయాలంటే రెండు కావాలి. బతిమాలే మనిషి కావాలి, అలిగారని ఆ మనిషికి కబురందించే ఇల్లు కావాలి. కోడలు తలుపు వేసుకుంటే అత్తగారికి తెలుస్తుంది, తోటికోడలికి తెలుస్తుంది, సాయంత్రానికి పక్కింటికీ తెలుస్తుంది. పెద్దావిడ ఎవరో కొడుకుని పిలిచి ‘ఏరా, పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు’ అంటుంది. అంతే, సగం పని అయిపోతుంది.

ఇప్పుడు గచ్చిబౌలిలోనో మధురవాడలోనో పదకొండో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. ఇద్దరూ ఉద్యోగస్తులు. గొడవయింది. ఆమె లోపల గదిలో, ఆయన హాల్లో సోఫా మీద. అలిగిందని చెప్పడానికి ఎవరూ లేరు. ‘ఏమైంది’ అంటే ‘ఏం లేదు’. దాంపత్యంలో ఈ రెండు మాటలు చేసినంత చెరుపు తిట్లు కూడా చెయ్యవు. ఆమె లెక్కలో ‘ఏం లేదు’ అంటే ‘ఇంకోసారి అడుగు’ అని. ఆయన లెక్కలో ఏమీ లేదని. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇద్దరికీ తెలుసు. అయినా అడిగి పెట్టించుకున్నదానికి రుచేముందని ఆమె, అడిగితే లోకువైపోతానని ఆయన. లోకువ! పక్కవాళ్ళ దగ్గర లోకువైతే సర్దుకుంటాడు మనిషి. కట్టుకున్నదాని దగ్గర, కట్టుకున్నవాడి దగ్గర లోకువవడమంటే ఇంట్లో దాక్కునే మూల లేకపోవడం.

సముద్రం దాటిన ఇళ్ళలో ఇది మరీ ముదురుతుంది. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్ళిన భార్యకు 2015 దాకా ఉద్యోగం చేసుకునే వీలే లేదు. ఆ తర్వాతైనా అందరికీ రాలేదు, కొందరికే. చదువూ ఉద్యోగం ఉన్న అమ్మాయి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అపార్టుమెంటులో, రోజంతా ఒక్క మనిషి కోసం ఎదురుచూపు. ఆ ఒక్క మనిషే మొగుడు కావాలి, స్నేహితుడు కావాలి, పుట్టిల్లు కావాలి, ఊరు కావాలి. అంత బరువు మోసేవాళ్ళు ఎందరుంటారు? అమ్మకి వీడియోకాల్ చేస్తే అటువైపు తెల్లవారుతుంటుంది, ఆవిడ ముఖం చూడగానే ‘బానే ఉన్నామమ్మా’ అన్న మాటే వస్తుంది.

ఇలా ఒకరు తరమడం, ఇంకొకరు జారుకోవడం అన్న ఆటను మనస్తత్వశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చూస్తున్నారు. ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే ఆయన దీన్ని అడగడం, వెనక్కి తగ్గడం అన్న జోడీగా వర్ణించారు. ఆమె ఎంత అడిగితే ఆయన అంత ముడుచుకుంటాడు, ఆయన ఎంత ముడుచుకుంటే ఆమె అంత గట్టిగా అడుగుతుంది. కొన్ని ఇళ్ళలో తిరగేసి కూడా ఉంటుంది. సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ తన పరిశోధనశాలలో దంపతులను కూర్చోబెట్టి, వేళ్ళకీ ఛాతీకీ తీగలు తగిలించి, మీ ఇద్దరికీ ఎప్పుడూ తగవొచ్చే విషయం మాట్లాడుకోండి అన్నారు. మాట్లాడకుండా రాయిలా బిగుసుకుపోయే మనిషిని బయటినుంచి చూస్తే పట్టనట్టు ఉంటుంది. లోపల గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటోంది. అలా బిగుసుకుపోయేవాళ్ళలో దాదాపు 85 శాతం మగవాళ్ళేనని ఆయన లెక్క. ఆ స్థితిలో ఎంత మంచిమాటా చెవికెక్కదు కాబట్టి కనీసం ఇరవై నిమిషాలు ఎడంగా ఉండి మళ్ళీ కూర్చోమంటారాయన. మళ్ళీ కూర్చోవడం అన్నదే ఇందులో ముఖ్యం. మన ఇళ్ళలో ఎడంగా ఉండటం బాగానే చేస్తారు, ఇరవై నిమిషాలు కాస్తా ఇరవై రోజులవుతుంది.

రాయిలా బిగుసుకుపోయే మగవాడి సంగతి గాట్‌మన్‌కి ముందే మనవాళ్ళకి తెలుసంటే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది గానీ, తెలుసు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో ‘కన్యావిస్రంభణం’ అని ఒక అధ్యాయం ఉంది. విస్రంభమంటే నమ్మకం. పెళ్ళైన మొదటి మూడు రాత్రులూ నేల మీద పడుకోవాలి, శరీర సంబంధం కూడదు అని మొదలవుతుంది. మరి ఆ మూడు రాత్రులూ ఏం చెయ్యాలి? మాట్లాడకుండా స్తంభంలా పడి ఉండే మొగుణ్ణి చూస్తే ఆ పిల్లకు విసుగొస్తుంది, చులకన చేస్తుంది అని బాభ్రవ్యుడి శిష్యులన్నారట. నమ్మకం కలిగించే పని మొదలుపెట్టు, వ్రతం మాత్రం చెడగొట్టుకోకు అంటాడు వాత్స్యాయనుడు. ఆడవాళ్ళు పువ్వుల్లాంటివాళ్ళు, నమ్మకం కుదరకముందే బలవంతం చేస్తే ఆ పనంటేనే ద్వేషం పుడుతుందని హెచ్చరిస్తాడు. తాంబూలం ఇవ్వడం, చిన్న చిన్న ప్రశ్నలు అడగడం, తలూపినా చాలనుకోవడం. అక్కడా ఒక చెలికత్తె ఉంది! పిల్ల తరఫున ఆమె మాట్లాడుతుంది, అననివి కూడా అన్నట్టు చెబుతుంది, పిల్ల ‘నేనలా అన్లేదు’ అని గొణుగుతుంది. ఆ గొణుగుడే ఆమె మొదటి మాట. మాధవి వయసు సిద్ధేంద్రయోగి కంటే చాలా పెద్దదన్నమాట.

మరి తెలుగు సినిమాలో శోభనం గది ఎలా ఉంటుంది? మంచమంతా పూలు, పళ్ళెం నిండా పళ్ళు, వెండిగ్లాసులో పాలు, తలుపు బయట చెవులొగ్గిన చుట్టాలు. అంతకుముందు ఇద్దరూ కలిసి కాఫీ తాగి ఉంటారో లేదో. ముహూర్తం పంతులుగారు పెట్టారు, నమ్మకానికి మాత్రం ఎవరూ ముహూర్తం పెట్టలేదు. ఆ రాత్రి భయపడినవాళ్ళు, నొప్పి ఓర్చుకున్నవాళ్ళు, తనవల్ల కాలేదని కుంగిపోయిన మగవాళ్ళు, ఎవరికి చెప్పుకున్నారు? పక్కనున్న మనిషికి కాదు. పత్రికకు రాశారు. 1950ల్లో మొదలై దశాబ్దాలపాటు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో మాలతీ చందూర్ నడిపిన ‘ప్రమదావనం’ తెలుగు ఇళ్ళన్నిటికీ ఉమ్మడి మాధవి. మద్రాసులో ఉన్న, ఎన్నడూ చూడని ఆవిడకు రాయగలిగిన మాట పక్క మంచం మీదున్న మనిషితో అనలేకపోయారు. తర్వాత ‘స్వాతి’లో డాక్టర్ సమరంగారు. పేరు రాయకుండా, ఊరు రాయకుండా పంపిన ఆ ప్రశ్నల్లో సగానికి జవాబు శరీరశాస్త్రంలో ఉండి ఉంటుంది. మిగతా సగానికి ఉన్నది ఇంట్లోనే. ‘ఈ సంగతి మీ ఆవిడతో మాట్లాడారా’ అన్న ఒక్క ప్రశ్న తిరుగు టపాలో పంపితే చాలు. అయితే అది సమరంగారికి రాయడంకంటే కష్టం. ఆ కష్టాన్ని తేలిక చేసి చూడకూడదు. నొప్పి ఉంటే గైనకాలజిస్టు దగ్గరికీ, మగవాడికి సమస్య ఉంటే యూరాలజిస్టు దగ్గరికీ వెళ్ళాలి. మధుమేహం, రక్తపోటు మందులు, కుంగుబాటు కూడా కోరికను చంపుతాయి. కానీ ఆ డాక్టరు గదిలోకి ఇద్దరూ కలిసి వెళ్ళే జంటలు తక్కువ.

ఈ చెప్పలేకపోవడం ఎక్కడ మొదలవుతుంది? బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని గుర్తుచేసుకోవచ్చు. తల్లి గురించి లోకం అనుకునే మాటల నీడ ఆ యువకుణ్ణి జీవితమంతా వెంటాడుతుంది. కోమలి, అమృతం, కట్టుకున్న ఇందిర, ఎందరు దగ్గరికొచ్చినా పూర్తిగా ఎవరికీ చెందలేడు. 1940ల్లో వచ్చిన ఆ నవలని చైతన్యస్రవంతి అనీ అస్తిత్వవాదమనీ విమర్శకులు చీల్చి చెండాడారు. మామూలు పాఠకుడికి మాత్రం ప్రేమించడానికి భయపడే మనిషి కనిపిస్తాడు. చిన్నప్పుడు దగ్గరివాళ్ళ వల్ల తగిలిన దెబ్బ పెద్దయ్యాక దగ్గరికొచ్చేవాళ్ళ మీద అనుమానంగా మారుతుందని సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అన్న ఇద్దరు తర్వాత నలభై ఏళ్ళకి పరిశోధన మొదలుపెట్టారు. అదీ విచిత్రంగా, డెన్వర్‌లో ఒక దినపత్రికలో ప్రశ్నలు అచ్చేసి. మూడు చిన్న పేరాలు ఇచ్చి, ఇందులో మీరెవరు అని అడిగారు. సగానికి కాస్త పైగా జనం, ఇతరులకు దగ్గరవడం తమకు పెద్ద కష్టం కాదన్నారు. దాదాపు నాలుగోవంతు, ఎవరైనా బాగా దగ్గరికొస్తే తమకు ఇబ్బందన్నారు. మిగతావాళ్ళు, తాము కోరుకున్నంత దగ్గరికి ఎవరూ రావడం లేదన్నారు. ఆ నాలుగోవంతులో దయానిధులు ఉంటారు. చిక్కేమిటంటే దయానిధికి తరచుగా దొరికేది ఆ మూడో రకం మనిషే.

పెద్ద పెద్ద మాటలతో మనసు విప్పడం అందరికీ చేతకాదు, అవసరమూ లేదేమో. గాట్‌మన్ చేసిన ఇంకో పని ఇక్కడ ఉపయోగపడుతుంది. 130 కొత్త జంటలను ఒక అపార్టుమెంటులాంటి పరిశోధనశాలలో ఒక రోజు ఉంచి, మామూలుగా ఉండమన్నారు. కిటికీలోంచి పడవ కనిపిస్తే ఒకరు ‘చూశావా’ అంటారు. ఇంకొకరు తలెత్తి చూస్తారు, లేదా పేపరు చదువుకుంటూ ‘ఊఁ’ అంటారు, లేదా అదీ లేదు. ఆరేళ్ళ తర్వాత చూస్తే, కలిసి ఉన్న జంటలు అప్పట్లో ఇలాంటి పిలుపులకు వందకు 86 సార్లు పలికారు. విడిపోయినవాళ్ళు 33 సార్లు. అమెరికా జంటల లెక్క అమలాపురానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుందని ఎవరూ అనరు. కానీ ‘చూశావా’ అన్న మాట ఏ భాషలోనైనా పడవ గురించి కాదు. ‘నువ్వున్నావా’ అని. వంటింట్లోంచి ‘ఉప్పు సరిపోయిందా’ అని వినపడేది కూడా చాలాసార్లు ఉప్పు గురించి కాదు. ఫోన్లోంచి తలెత్తకుండా ‘బానే ఉంది’ అన్నవాడు ఉప్పుకి జవాబిచ్చాడు, అంతే.

మాటలే రానివాళ్ళకి చేతులున్నాయి. 2006లో జేమ్స్ కోన్, ఆయన సహచరులు పదహారుమంది వివాహితలను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, చీలమండకు చిన్న కరెంటు షాకు తగలవచ్చని బెదిరించి, మెదడులో ఏం జరుగుతుందో చూశారు. ఒకసారి ఎవరి చెయ్యీ లేకుండా, ఒకసారి ముక్కూమొహం తెలీని మగమనిషి చెయ్యి పట్టుకుని, ఒకసారి భర్త చెయ్యి పట్టుకుని. భర్త చెయ్యి ఉన్నప్పుడు ప్రమాదాన్ని చూసి ఉలిక్కిపడే మెదడు భాగాలు బాగా శాంతించాయి. పరాయి చేతిలోనూ కాస్త ఊరట ఉంది, కానీ అంత కాదు. దాంపత్యం బాగున్నకొద్దీ భర్త చేతి మహిమ పెరిగింది. పెళ్ళిలో పాణిగ్రహణమని మంత్రాలు చదివి చెయ్యి పట్టిస్తారు. అప్పుడు పట్టుకున్న చెయ్యి మళ్ళీ పిల్లలు రోడ్డు దాటేటప్పుడు వాళ్ళది పట్టుకోవడానికే తప్ప పనికిరాని ఇళ్ళు ఎన్నో. అమ్మానాన్న చేతులు పట్టుకుని నడవడం చూసిన తెలుగు పిల్లలు ఎందరుంటారు? ఆసుపత్రిలో, స్ట్రెచరు పక్కన, బహుశా ఒకసారి.

మనసు విప్పడం గురించి ఇన్ని మంచిమాటలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అందరి దగ్గరా విప్పకూడదు. చీకట్లో నమ్మి చెప్పుకున్న సంగతి రేపు గొడవలో ‘నువ్వే అన్నావుగా’ అని కత్తై తిరిగొచ్చే ఇల్లు ఉంది. చెప్పుకున్నది అత్తగారి దాకా, అక్కణ్ణుంచి వాట్సాప్ గుంపు దాకా వెళ్ళే ఇల్లూ ఉంది. చెయ్యెత్తే మనిషి దగ్గర మూగగా ఉండటం పిరికితనం కాదు, బతకడం. మాటలతో, మనసుకు తగిలేలా పెట్టే హింసను కూడా 2005 నాటి గృహహింస చట్టం హింసగానే లెక్కగట్టింది. అలాంటి ఇంట్లో కావలసింది సాన్నిహిత్యం మీద వ్యాసం కాదు, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు.

అంతదాకా పోని ఇళ్ళలోనైనా, ఇద్దరి వల్లా కానప్పుడు మళ్ళీ మూడో మనిషే దిక్కు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం జడ్జిగారు ముందు రాజీకి ప్రయత్నించాలి. అందుకని కోర్టులో కౌన్సెలరు ఉంటారు. ఆ బల్లకు అటూ ఇటూ కూర్చుని, ‘ఆవిడకి చెప్పండి మేడం’, ‘ఆయన్నే అడగండి’ అంటూ మొదలుపెడతారు. చారు చల్లారిపోతున్న రోజుల్లోలాగే. తేడా ఏమిటంటే అప్పుడు మధ్యనున్నది తాము కన్న పిల్లవాడు. ఇప్పుడు ఆ పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలన్నదే తగవు. డబ్బిచ్చి పెట్టుకునే కౌన్సెలర్లు హైదరాబాదు, విజయవాడల్లో ఇప్పుడు కనిపిస్తూనే ఉన్నారు. సత్యభామ నగలు అడిగిన మాధవిలాగే గంటకింత తీసుకుంటారు. తీసుకోనీ. మంచి మాధవి చేసే పని ఒకటే, మాట మోసుకెళ్ళడం కాదు, తనకు చెప్పినదాన్ని అటు తిరిగి చెప్పమనడం.

న్యూయార్క్‌లో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు, ఆయన బృందం 1997లో మధ్యవర్తి లేకుండానే ఇది జరుగుతుందేమో చూశారు. ముందెన్నడూ పరిచయం లేని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలు చేతికిచ్చారు. ఎవరిని భోజనానికి పిలవాలనుంది అన్నలాంటి తేలిక ప్రశ్నతో మొదలై, మెల్లిగా లోతుకి దిగుతాయి. చివర్లో తన సొంత కష్టమొకటి చెప్పి ఎదుటివాళ్ళను సలహా అడగాలి. ముప్పావుగంటలో ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి దగ్గరితనం కలిగింది. ఇందులో కిటుకు ప్రశ్నల్లో లేదు, వంతుల్లో ఉంది. నువ్వో అడుగు, నేనో అడుగు. ఒకరే విప్పుకుంటూ పోయి ఇంకొకరు వింటూ కూర్చుంటే అది పోలీస్ స్టేషను. వాత్స్యాయనుడి తాంబూలమూ అంతే. ఇచ్చేవాడికీ తెలీదు, పుచ్చుకుంటుందో లేదో.

శ్రీరమణ ‘మిథునం’ కథ నచ్చి బాపు దాన్ని తన చేతిరాతతో రాసుకున్నారు. 2012లో తనికెళ్ళ భరణి సినిమా తీసినప్పుడు తెర మీద ఇద్దరినే ఉంచారు, అప్పదాసు, బుచ్చిలక్ష్మి. పిల్లలంతా ఎక్కడెక్కడో. పెరడు, ఆవు, ఆవకాయ, తిండి మీద యుద్ధాలు. రోజంతా కీచులాట. ఆ కీచులాటే వాళ్ళ ముప్ఫయ్యారు ప్రశ్నలు. అలిగితే మోయడానికి ఎవరూ లేరు కాబట్టి అలిగినవాళ్ళే తిరిగి రావాలి. అయినా బుచ్చిలక్ష్మి లోపలి మాట, ఆయన తనకంటే ముందు పోవాలని కోరుకున్న సంగతి, తను లేకపోతే ఆయన ఒక్కపూట కూడా నెగ్గుకురాలేడన్న దిగులు, అప్పదాసు ఉండగా పైకి రాలేదు. ఆయన పోయాక చెప్పింది. ఆడవాళ్ళంతా పునిస్త్రీగా పోవాలని మొక్కుకునే దేశంలో ఆవిడ తిరగేసి మొక్కుకుంది. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే ఏమనేవాడో. బహుశా కూరలో కారం తక్కువైందనేవాడు.

కమలిని నవ్వు వినిపించాక గోపాల్రావు ఏం చేశాడో గురజాడ రాయలేదు. అక్కడితో కథ ఆపేశారు. రాముడు ఆ గదిలోనే ఉన్నాడు, దీపం వెలుగుతోంది, చంద్రవరం ప్రయాణం తప్పిపోయింది. ఇక వాడితో చెప్పించడానికి ఏమీ లేదు. మంచం కింద నుంచి ఆవిడ బయటికి రావాలి, నగలకు అంటిన దుమ్ము దులుపుకోవాలి. ఆయన చేతిలో ఆ ఉత్తరం ఇంకా అలాగే ఉంది.